వెట్టి కాదు, శ్రమదానము
(పాత ఎస్టేటు తోటల పునరుద్ధరణను గూర్చి రామచంద్రపురమున చేసిన ప్రసంగ పాఠము)



మన రామచంద్రపురమునకు సమీపముననే యున్న ద్రాక్షారామమును ఎరుగనివారు ఈ సభలో లేరు. అమరారామము, ద్రాక్షారామము, కుమారారామము, సోమారామము, క్షీరారామము అను పంచారామములలో అది యొకటి. ఈ ఐదు పేర్లకును చివరనున్న మాట ఒక్కటే. ఆరామమనగా తోట. మన పూర్వులు తాము పరమ పవిత్రములుగా భావించిన స్థలములకు పేరిడునప్పుడు కోట యనలేదు, మేడ యనలేదు, తోట యనిరి. తూర్పు చాళుక్యుల నాటినుండియు ఆ మాట మన నాలుకలమీద నిలిచి యున్నది. తోటయందు ఈ సీమవారికి గల మక్కువకు ఇంతకన్న వేరు సాక్ష్యము అక్కరలేదు.

నేడు మేము మీతో ముచ్చటించదలచినది దేవుని తోటలను గూర్చి కాదు, దొరల తోటలను గూర్చి. జమీందారీల కాలమున కోటల చుట్టును, దివాణముల వెనుకను, విడిది బంగళాల ముంగిటను వేయబడి, పిమ్మట పోషించువారు లేక పాడుపడిన తోటలను గూర్చి. మన పట్టణముననే కాకర్లపూడి రాజవంశీయుల కోట కలదు. తెలుగు చలనచిత్రములలో అనేకులు దానిని చూచియే యుందురు. పిఠాపురము, పెద్దాపురము, నూజివీడు, చల్లపల్లి, బొబ్బిలి, విజయనగరము, వేంకటగిరి అని చెప్పుకొనుచు పోయినచో, ఆంధ్రదేశమున పాత సంస్థానపు జాడ లేని తాలూకాలు తక్కువ. అట్టి చోట్ల పాత తోటలను ఊరివారే చేతులు కలిపి తిరిగి నిలబెట్టవచ్చునా, నిలబెట్టవలెనా, నిలబెట్టదలచినచో ఎట్లు అనునవి నేటి మన ప్రశ్నలు.

తోటలు ఎట్లు పాడైనవి?

ముందుగా కారణము తెలియవలెను. కారణమెరుగని వైద్యము పనికిరాదు.

డెల్టాలోని తోటకు ప్రాణము కాలువ నీరు. 1847లో పని ప్రారంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్టతో ఈ సీమకు ఏటేట నమ్మకముగా నీరు వచ్చినది. పొలమునకు వచ్చిన నీరే తోటకును వచ్చినది. శిస్తులు పెరిగినవి, సంస్థానముల వైభవము పెరిగినది, ఆ వైభవముతో తోటలును పెరిగినవి. దేశదేశముల మొక్కలు తెప్పించి నాటుట, మేలుజాతి మామిళ్లను అంటు కట్టించుట, రాతి తొట్లు, చిమ్మెడు నీటి కుండములు, నడుమ విడిది మంటపములు ఏర్పరచుట ఆనాటి ప్రభువులకు ఒక ముచ్చట. నూజివీడు పేరు చెప్పగనే రసాలు జ్ఞప్తికి వచ్చుటకు ఈ ముచ్చటయే కొంత కారణము.

అయితే ఆ ముచ్చటను తీర్చిన చేతులు ఎవరివి? నీరు మోసినవారు, పాదులు చేసినవారు, ఎండుటాకులు ఊడ్చినవారు, రాత్రులు కావలి కాచినవారు ఎవరు? వారిలో జీతము పొందినవారు కొందరు, వెట్టి చేసినవారు కొందరు. చెట్టు నాటినవాడు వేరు, నీడను కూర్చున్నవాడు వేరు. శిస్తుల భారమును, వెట్టి బాధను ఓర్వలేక జమీను రైతులు సంఘములుగా కూడిరి. 1937లో మద్రాసు రాష్ట్రమున ప్రకాశము పంతులుగారి అధ్యక్షతను ఎస్టేటుల విచారణ సంఘము ఏర్పడినది. మరుసటి సంవత్సరమే దాని నివేదిక వెలువడినది. తుదకు 1948లో ఎస్టేటుల రద్దు, రైతువారీ మార్పిడి చట్టము వచ్చినది. దానితో ఎస్టేటులలోని చెరువులు, పోరంబోకులు, అడవులు, నీటి వనరులు ప్రభుత్వమునకు దఖలుపడినవి. కట్టడములు మాత్రము యజమానులకే మిగిలినవి.

న్యాయమైన ఆ మార్పులో తోటలను గూర్చి ఆలోచించువారు లేకపోయిరి. శిస్తు పోయిన పిదప యజమానికి తోటమాలికి జీతమిచ్చు శక్తి లేదు. తోటమాలికి ఊరక పనిచేయవలసిన అగత్యమును లేదు. వారసులలో పలువురు పట్టణములకు తరలిరి. తోటకు నీరు తెచ్చు బోదె ఒకరి హద్దులోను, తోట మరియొకరి హద్దులోను పడినది. బోదె పూడినది. వానకాలమున నీరు నిలిచి వేళ్లు కుళ్లినవి, వేసవిలో నీరందక చెట్లు ఎండినవి. గోడపై రావి మొలచినది. కుండములో గుర్రపుడెక్క పెరిగినది. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తూర్పుగోదావరి తీరమును తాకిన పెనుతుపానువంటివి వచ్చినప్పుడు బలహీనపడిన చెట్లు ముందుగా కూలినవి. ఈ విధముగా, ఎవరును నరకకపోయినను, తోటలు నశించినవి.

ఇతర దేశములలోను ఈ కథయే జరిగినది. ఇంగ్లండున కార్న్‌వాల్ సీమలో హెలిగన్ అను ఎస్టేటు కలదు. 1914 ఆగస్టులో అచ్చటి తోటమాలులు ఒక చిన్న గది గోడపై తమ పేర్లు వ్రాసికొని, ప్రపంచ యుద్ధమునకు తరలిపోయిరి. వారిలో పలువురు మరల రాలేదు. తోట ముళ్లపొదలలో మునిగి కనబడకుండ పోయినది. 1990 ప్రాంతమున కొందరు ఔత్సాహికులు ఆ పొదలను నరకికొనుచు పోగా, తోట బయటపడినది, ఆ గోడమీది పేర్లును బయటపడినవి. నాటినుండి వారు ఆ తోటను దొరల వైభవమునకు చిహ్నముగా గాక, ఆ పనివారల స్మారకముగా తీర్చిదిద్దిరి. ఈ సంగతిని మనస్సున నుంచుకొనుడు. మేము దీనికి మరల వత్తుము.

ఒక న్యాయమైన ఆక్షేపణ

పాత తోటను బాగుచేయుదము రండి అని ఊరిలో చాటింపు వేసినచో, ఎవరో ఒక వృద్ధుడు లేచి ఇట్లడుగును: "మా తాతలు ఆ తోటలో వెట్టి చేసిరి. ఆ గోడ లోపలికి మమ్ము పనికి పిలిచినారే గాని పండు తినుటకు పిలువలేదు. ఇప్పుడు మరల మేమే పోయి కూలి లేకుండ ఆ తోట బాగుచేయవలెనా?"

ఇది మొండితనముతో వేసిన ప్రశ్న కాదు. దీనికి సమాధానము చెప్పకుండ పార పట్టువాడు ఆ ఊరి మనస్సును గెలువజాలడు. శ్రమదానమను మాట మనకు కొత్తది కాదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే గారి భూదానోద్యమము పుట్టినది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ఆరంభమైనది. ఆ దినములలో బాటలు, బడులు, బావులు ఎన్నో శ్రమదానముచేత వెలసినవి. కాని ఆనాడును పేదవాడు ఒక దినపు కూలి పోగొట్టుకొని మట్టి మోయగా, ఆ బాట మీద కలవాని బండి పోయిన చోట్లు లేకపోలేదు. కనుక, పేరు మార్చినంతమాత్రమున వెట్టి శ్రమదానము కాజాలదు.

రెంటికిని భేదమెక్కడ నున్నది? మా బుద్ధికి తోచినంతవరకు నాలుగు గురుతులు చెప్పెదము.

మొదటిది: వెట్టిలో రానన్నవానికి దండన యుండును. శ్రమదానములో రానన్నవానిపై నింద కూడ ఉండరాదు. ఇంటికొకరు రావలెనని కట్టడి చేయుట, రానివారి పేర్లు చదువుట కూడదు.

రెండవది: వెట్టి ఫలము ఒక గోడ లోపల నిలిచిపోవును. శ్రమదాన ఫలము ఊరందరిదై యుండవలెను. తోట ప్రైవేటు ఆస్తియైనచో, పని మొదలిడుటకు ముందే యజమానితో వ్రాతపూర్వకమైన ఒడంబడిక జరుగవలెను. ఇన్నేండ్లపాటు, ఇన్ని గంటలు, కుల మత వివక్షత లేకుండ, రుసుము లేకుండ, ఊరివారికి తోట తెరచియుండునని అందులో స్పష్టముగా నుండవలెను. అట్టి మాట ఇయ్యని యజమాని కూలివారిని పెట్టుకొని తన తోటను తానే బాగుచేసికొనుట మర్యాద.

మూడవది: స్వచ్ఛంద సేవకుడు కూలివాని నోటి ముద్ద తీయరాదు. చెట్లెక్కుట, బావి పూడిక తీయుట, సున్నపు పని, అంటు కట్టుట మొదలగునవి నేర్పు గలవారు చేయవలసిన పనులు. వానికి న్యాయమైన కూలి ఇచ్చి వారిచేతనే చేయించవలెను. ఊడ్చుట, ఏరుట, నీరు పోయుట, లెక్కించుట, పిల్లలకు చూపుట మొదలైనవి మనము చేయదగినవి. కడియము, కడియపులంక, బుఱ్ఱిలంక, వేమగిరి పరిసరములలోని నర్సరీలలో పనిచేయు స్త్రీపురుషులు మొక్క ప్రాణము తెలిసినవారు. వారిని మనము ఉచితముగా పిలుచుట కాదు, గురువులుగా పిలువవలెను. గురువునకు దక్షిణ ఇయ్యవలెను.

నాల్గవది: వెట్టిలో పనిచేసినవాని పేరుండదు. శ్రమదానములో ఉండవలెను. తోట ద్వారముకడ ఒక పలక నిలిపి, ఆనాటి తోటమాలుల పేర్లు, నీటికావళ్లు మోసిన కుటుంబముల పేర్లు, వారి సంతతివారి సమ్మతితో వ్రాయించుడు. హెలిగన్ గోడ మనకు నేర్పునది ఇదియే. ఇంతవరకు ఆ తోటకు రాజుగారి పేరొక్కటే యుండెను. ఇకమీదట ఆ వృద్ధుని తాతగారి పేరును ఉండును. అప్పుడు ఆ వృద్ధుడు తన మనుమని చేయి పట్టుకొని లోపలికి వచ్చును. ఆయన వచ్చిననాడే మన పని నెరవేరినట్లు, అంతకు పూర్వము కాదు.

మన దేశమున జరిగిన పనులు

ఇట్టి పనులు సాధ్యమేనా అని సంశయించువారికి తెలుగు నేలనుండియే కొన్ని దృష్టాంతములు చూపగలము.

కృష్ణా జిల్లా దివిసీమ ముఖద్వారమున చల్లపల్లి యున్నది. అది యార్లగడ్డవారి ఎస్టేటునకు రాజధాని. ఎస్టేటు భూముల కొరకు రైతులు, కూలీలు సాగించిన పోరాటములకును ఆ సీమ ప్రసిద్ధము. అట్టి ఊరిలో, 2014 నవంబరు 12న, ఒక వైద్య దంపతుల ప్రోద్బలముతో కొందరు గ్రామస్థులు స్వచ్ఛ చల్లపల్లి అను ఉద్యమమునకు పూనుకొనిరి. వారు తెల్లవారకమునుపే చీపుళ్లు, గంపలు, కొడవళ్లు చేతబట్టి వీధిలోనికి వచ్చిరి. బహిర్భూములుగా మారిన బాటలను శుభ్రము చేసి, వాని కిరువైపుల పూలమొక్కలు నాటిరి. చెత్తకుప్పల చోటులు, శ్మశాన వాటిక సైతము తోటలుగా మారినవి. ఒక దినము కాదు, ఒక పక్షము కాదు, వేల దినములు ఆ పని ఎడతెగక సాగినది. ఖర్చులకు మనకోసం మనం అను ధర్మనిధిని ఏర్పరచుకొనిరి. ఉపాధ్యాయులు, రైతులు, వ్యాపారులు, గృహిణులు, విశ్రాంత ఉద్యోగులు ఒకే వరుసలో వంగి మట్టి తీసిరి. ఒకప్పుడు ఒక కోటకు మాత్రమే పూలతోట యున్న ఊరిలో ఊరంతయు పూలతోట యైనది. ఎస్టేటు తోట ఊరి తోట యగుటకు ఇంతకన్న మంచి ఉదాహరణము మాకు కానరాదు.

కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోట మరియొక తీరు. అచ్చట పాత సంస్థానపు వంశీయులే ఒక ధర్మనిధి ద్వారా కోటను క్రమముగా బాగుచేయించిరి. స్థానిక పనివారు సున్నపు పనిలో చేయి తిరిగినవారైరి. కోటలోని మహాదేవుని ఆలయమునకు ఊరివారి రాకపోకలు సాగుచునే యున్నవి. 2022లో యునెస్కో సంస్థ ఆసియా, పసిఫిక్ ప్రాంతపు వారసత్వ పరిరక్షణ పురస్కారములలో దోమకొండకును స్థానమిచ్చినది.

హైదరాబాదున కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణము 106 ఎకరముల విస్తీర్ణము కలది. 2013నుండి 2024వరకు ఆగాఖాను సంస్థ, రాష్ట్ర ప్రభుత్వ పురావస్తు శాఖతో కలిసి దానిని పునరుద్ధరించినది. అది స్వచ్ఛంద సేవకుల పని కాదు. పెద్ద నిధులతో, నిపుణులతో జరిగిన పని. ఐనను అందులో మనము గ్రహింపదగిన పాఠమొకటి కలదు. 2013 వానలలో అచ్చటి పెద్ద బావి గోడ కూలినది. వారు ముందుగా ఆ మెట్ల బావులను బాగుచేసిరి. బావులు వాన నీటితో నిండినవి. ఆ నీరే ప్రాంగణములోని చెట్లకు ఆధారమైనది. సికింద్రాబాదులోని బన్సీలాల్‌పేట మెట్ల బావియు అట్లే చెత్తతో పూడి కనుమరుగై యుండగా, పూడిక తీసి, 2022 డిసెంబరు 5న ప్రజలకు తెరచిరి. ముందు నీరు, తరువాత మొక్క. పువ్వుతో మొదలు పెట్టినవాడు వేసవితో ఓడిపోవును. నీటితో మొదలు పెట్టినవాడు పువ్వును చూడగలడు.

పని చేయవలసిన క్రమము

ఇక పని విధానమును వరుసగా మనవి చేసెదము.

మొదట కాగితములు. సర్వే నెంబరు, హద్దులు, కొలతల పటము, అడంగలు తహసిల్దారు కార్యాలయమున చూచుకొనవలెను. తోటలో కొంత భాగము పోరంబోకు కావచ్చును, కొంత పట్టా కావచ్చును, కొంత దేవాలయపు మాన్యము కావచ్చును. ఒక్కొక్కదానికి అనుమతి ఇయ్యవలసినవారు వేరు. పంచాయతీ లేక పురపాలక సంఘము తీర్మానము వ్రాతలో నుండవలెను. సమీపమున కేంద్ర ప్రభుత్వ రక్షిత కట్టడ మున్నచో, 1958 నాటి చట్టమును, దానికి 2010లో వచ్చిన సవరణను అనుసరించి, కట్టడమునుండి నూరు మీటర్ల లోపల కొత్త నిర్మాణము నిషిద్ధము. ఆపైని రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతము. ద్రాక్షారామ భీమేశ్వరాలయము ఇట్టి రక్షిత కట్టడమే. కావున గోడ కట్టుటకు, గొయ్యి త్రవ్వుటకు ముందు విచారించుకొనుట మంచిది.

రెండవది, చూచుట. తొందరపడి కొడవలి పట్టకుడు. ఒక సంవత్సరము, అనగా ఆరు ఋతువులు, తోటను చూడుడు. ఎండినదనుకొన్న చెట్టు వానకు చిగిర్చును. పిచ్చి తీగ యనుకొన్నది వసంతమున పూచి తన పేరు చెప్పును. నేలలో దాగిన దుంపలు తొలకరికి లేచును. ప్రతి చెట్టునకు అంకె వేసి, పేరు, చుట్టుకొలత, స్థితి ఒక పుస్తకములో వ్రాయుడు. ఈ పని బడి పిల్లలు చక్కగా చేయగలరు. ఆ తోటను బాగుగా నుండగా చూచిన వృద్ధులను కూర్చుండబెట్టి, ఏ మూల ఏమి యుండెనో అడిగి వ్రాసికొనుడు. పొగడలు ఎచ్చట, సంపెంగలు ఎచ్చట, బోదె ఎటునుండి వచ్చెడిది, కుండములోని నీరు ఎటు పోయెడిది అను సంగతులు ఏ దస్తావేజులోను దొరకవు. ఆ వృద్ధులు పోయిన తరువాత ఎవరును చెప్పజాలరు.

మూడవది, నీరు. మన డెల్టా నల్లరేగడి బంకనేల. వానకాలమున నీరు దిగదు, వేసవిలో నేల నెఱియలు విచ్చును. కనుక నీరు వచ్చు దారియెంత ముఖ్యమో పోవు దారియు అంత ముఖ్యము. వేసవిలో కాలువలు కట్టివేసిన దినములు బోదెల పూడిక తీయుటకు తగిన సమయము. కాలువలు వదలిన పిదప ఆ పని సాగదు. కుండములోని గుర్రపుడెక్కను వేళ్లతో సహా తీసి, గట్టుమీద వదలక, దూరముగా కుప్పవేసి ఎరువుగా మార్చుడు. గట్టున వదలినచో మొదటి వానకే మరల నీటిలోనికి దిగును.

పాత బావి విషయమున ఒక హెచ్చరిక. ఎన్నో ఏండ్లు మూతబడిన బావిలోనికి ఎవరును ఒంటరిగా దిగరాదు. అడుగున ప్రాణవాయువు లేకపోవచ్చును, విషవాయువులు ఉండవచ్చును. దీపము దించి చూచు పాత పద్ధతి కొంతవరకే పనికివచ్చును. దీపము ఆరినచో దిగరాదనుట నిజమే గాని, ఆరనంత మాత్రమున దిగవచ్చునని కాదు. అగ్నిమాపక శాఖవారిని పిలిచి పరీక్ష చేయించుడు. మొదట దిగినవాడు పడిపోగా, వానిని తీయబోయి రెండవవాడు, మూడవవాడు ప్రాణములు కోల్పోవుట మనము వార్తలలో ఎన్నోమారులు చదివితిమి. ఏ తోటయు ఒక ప్రాణము విలువ చేయదు.

నాల్గవది, గోడలు, మంటపములు. అవి గానుగ సున్నముతో కట్టినవి. సున్నపు గోడ లోపలి తేమను బయటికి వదలుచుండును. దానిపై సిమెంటు పూసినచో తేమ లోపల చిక్కుకొని ఇటుకను తినివేయును. పైకి కొత్తగా కనబడిన గోడ కొన్నేండ్లకే పెచ్చులూడును. కావున సున్నమునకు సున్నమే మందు. గోడలో మొలచిన రావి, మఱ్ఱి మొక్కలను పట్టి లాగరాదు. వేరుతో కూడ ఇటుకలు ఊడివచ్చును. కాండమును కోసి, వేరు లోపలనే చచ్చునట్లు చేసి, పిదప సందులను సున్నముతో పూడ్చవలెను. ఇది అనుభవము గల తాపీ మేస్త్రీ చేయవలసిన పని.

ఐదవది, చెట్లు. ముసలి మామిడి కాయుట మానినంత మాత్రమున దానిని కొట్టివేయరాదు. కొమ్మలపై పెరిగిన బదనికను, దానికి కాయ పండకమునుపే, కొమ్మతో సహా కోసి తీయుడు. ఎండుకొమ్మలు తొలగించి, మొదట మట్టి వదులు చేసి పశువుల ఎరువు వేసినచో అనేక వృక్షములు తేరుకొనును. ఎట్లును బ్రతుకదని తోచిన చెట్టునుండి ముందే కొమ్మ తీసి అంటు కట్టించుడు. కొత్తపల్లి కొబ్బరి, పణుకులు, పెద్దరసము, చిన్నరసము వంటి పాత రకములలో మన తాతలు ఎరిగిన రుచులు కలవు. పేరు తెలియని చెట్టు ఒక్కటే మిగిలి, అదియు పడిపోయినచో, ఆ రుచి భూమిమీద ఇక లేదన్నమాట. గోడను మరల కట్టవచ్చును, పోయిన రకమును మరల పుట్టించలేము. ఈ విషయమున వెంకటరామన్నగూడెములోని ఉద్యాన విశ్వవిద్యాలయమువారిని, అంబాజీపేట పరిశోధన కేంద్రమువారిని, ఉద్యాన శాఖాధికారులను సంప్రదించుడు.

కూలిన కొబ్బరి మొద్దులను తోటలో కుళ్లనీయరాదు. కొమ్ము పురుగు అట్టి కుళ్లులోనే గ్రుడ్లు పెట్టి, పెరిగి, చుట్టుపట్ల రైతుల కొబ్బరి మొవ్వులను తొలుచును. అయితే తొఱ్ఱలు గల చెట్లన్నిటిని కొట్టవలదు. గుడ్లగూబలు, చిలుకలు అందు కాపురముండును. గుడ్లగూబ పొలములోని ఎలుకలకు శత్రువు, రైతునకు మిత్రము. బాటకు ప్రమాదము లేని తొఱ్ఱ చెట్టు ఉండుటయే మేలు.

ఆరవది, పనివారి క్షేమము. పాడుపడిన తోటలో నాగుపాము, రక్తపింజరి యుండుట సహజము. పొదలలో చేయి పెట్టుటకు ముందు కఱ్ఱతో కదలించుడు. కాళ్లకు జోళ్లు, చేతులకు తొడుగులు ధరింపుడు. వయ్యారిభామ మొక్కను వట్టి చేతులతో పీకినచో కొందరికి చర్మము దద్దుర్లెక్కును, ఆయాసము కలుగును. దానిని పూతకు రాకముందే తీయవలెను. పాము కాటునకు మందు ఏ ఆసుపత్రిలో నున్నదో ముందే తెలిసికొనియుండుడు. కాటు పడినవానిని మంత్రమునకు గాక నేరుగా అచ్చటికే చేర్చుడు.

ఏడవది, లెక్కలు. వచ్చిన చందా, అయిన ఖర్చు నెలనెల తోట ద్వారముకడ పలకపై వ్రాయుడు. శ్రమదాన సంఘములు పని లేక చెడవు, అనుమానము వలన చెడును. రూపాయి లెక్క తేటగా నున్నచోట పది చేతులు తమంత తామే వచ్చును.

మొదటి ఏడు, మూడవ ఏడు

పని ఆరంభించుట సులభము. కొత్తలో ఛాయాచిత్రములు తీయువారు వత్తురు, ఉపన్యాసములిచ్చువారు వత్తురు. మేమును నేడు ఉపన్యాసమే ఇచ్చుచున్నాము గదా! మొక్క నాటిన దినమున నూరుగురుందురు. మరుసటి చైత్రమాసపు ఎండలో దానికి కడవెడు నీరు పోయువాడెవడు అనునదే అసలు ప్రశ్న. మొక్కకు మొదటి రెండు వేసవులు గండములు. కనుక నీరు పోయుటకు వంతులు కుదిరిన తరువాతనే మొక్కలు కొనుడు. ఇరువది కుటుంబములు వంతులకు వచ్చినచో ఇరువదియైదు మొక్కలు చాలును. వేయి మొక్కలు నాటి తొమ్మిదివందలు చంపుటకంటె ఇరువదియైదు నాటి ఇరువదియైదు బ్రతికించుట ఘనకార్యము.

చల్లపల్లివారి విజయ రహస్యము పెద్ద నిధులలో లేదు, నిత్య నియమములో నున్నది. అందరును దినదినము రాజాలకపోవచ్చును. వారమునకొక ఉదయము, రెండు గంటలు, నిర్ణయించిన వేళకు రావలెను. నలుగురే వచ్చినను పని జరుగవలెను. రానివారిని నిందింపవలదు. వచ్చినవారు సంతోషముతో పోవునట్లు చూడుడు. పని ముగిసిన పిమ్మట అందరును ఒకే చెట్టు క్రింద, ఒకే చాపమీద కూర్చుండి టీ త్రాగుడు. పాత తోటలో లేనిదియు, కొత్త తోటలో ఉండవలసినదియు ఆ చాపయే.

సోదరులారా, మన తాతలు పోరాడి నేలను సంపాదించిరి. నేలతోపాటు నీడయు మనకు దక్కవలసినదే. దానిని దొరల సొత్తని ఎండనిచ్చినచో దొరలకు నష్టము లేదు, నష్టము మన పిల్లలకు. ఆడుకొన చోటులేని పిల్లవానికి, కూర్చుండ నీడలేని వృద్ధురాలికి, పేరు లేకుండ పోయిన తోటమాలికి, ముగ్గురికిని ఆ తోట ఋణపడి యున్నది. ఆ ఋణము తీర్పించుట మన చేతిలో నున్నది.

మీమీ ఊళ్లలో ఇట్టి తోట యున్నచో, రేపే పలుగు పట్టుడని మేము చెప్పము. రేపు ఒక పుస్తకము, ఒక కలము పట్టుకొని, ఆ తోటను ఎరిగిన పెద్దవారి ఇంటికి పొండు. వారు చెప్పిన చెట్ల పేర్లు, మనుష్యుల పేర్లు వ్రాసికొనుడు. కాలువలు కట్టివేయుటకు ఇంకను వ్యవధి యున్నది. ఆ లోపల ఆ పుస్తకము నిండవలెను.